పన్ను కింద చుక్కలు

క్యారెట్లు ఎంతసేపు ఉడకాలన్న గొడవ మొదలై అప్పటికి పావుగంటయింది.

కూతురు గరిటెతో ఒక ముక్కని గిన్నె అంచుకి ఆనించి మెల్లగా నొక్కింది. ముక్క వెన్నముద్దలా చిదికిపోయింది. "చూశావా నాన్నా, దీన్ని నమలక్కర్లేదు. నోట్లో పెట్టుకుని కాసేపు ఊరుకుంటే దాని దారి అది చూసుకుంటుంది."

"మెత్తగా ఉంటే తొందరగా అరుగుతుంది," అంది వాళ్ళమ్మ, గిన్నె తన వైపు లాక్కుంటూ.

"నాకు ఇరవయ్యేళ్ళమ్మా. రాళ్ళు పెట్టినా అరుగుతాయి."

"అయితే రేపట్నుంచి రాళ్ళు నువ్వే వండుకో."

ఆమె భర్త కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా వేళ్ళ సందుల్లో గ్రీజు నలుపు పోదు. ఎంత ఆకలేసినా ఇంట్లో తగువు పూర్తిగా వినకుండా ముద్ద ఎత్తడు. "ఈ ఇంట్లో కరకరమన్న చప్పుడు విని పది నెలలయింది," అన్నాడు. "నిన్న నేను లిఫ్టు గుంతలో పనిచేస్తుంటే పైన ఎవరో వేరుశనగపప్పు నములుతున్నారు. పాట విన్నట్టు విన్నాను."

"మీరూ మొదలెట్టండి, ఇంకేం."

మొన్నటిదాకా కోడలి పక్షాన ఉన్న అత్తగారు కూడా ఆవేళ ప్లేటు ఫిరాయించింది. ఆవిడ నోట్లో ఒక్క పన్నూ ఆవిడది కాదు, పైనా కిందా కట్టుడుపళ్ళే. "అన్నిసార్లు తిరిగి కట్టించుకున్నది గ్లాసులో నానబెట్టుకోడానికా అమ్మాయ్? వాటికీ కాస్త పని చెప్పాలి. లేకపోతే నన్ను మర్చిపోతాయి."

ఆమె పళ్ళు కలిపింది. కుడివైపు కింది దవడపన్ను మీద పైపన్ను వచ్చి ఆనింది. మిగతా పళ్ళకన్నా ముందుగా ఆనింది. నిజమా కాదా అని మళ్ళీ ఆనించి చూసింది. టక్. ఇంకోసారి. టక్ టక్.

"అదిగో, తలుపు కొడుతున్నారు," అంది కూతురు.

ఆమె చెంచా కింద పెట్టేసింది. "శనివారం పదింటికి రమ్మన్నాడు డాక్టరు. ఈ పన్ను తీయించేస్తున్నాను. ఆ తర్వాత మీ క్యారెట్లు పచ్చివే తినండి, నాకేం."

కూతురు గరిటె గిన్నెలో వదిలేసింది.

"బాగున్న పన్నునా?" అన్నాడు భర్త.

"బాగుంటే ఎందుకు తీయిస్తాను?"

"ముగ్గురు డాక్టర్లు బాగుందన్నారుగా."

"నాలుగో ఆయన తీస్తానన్నాడు."

"తీస్తానని నువ్వు అనిపించావు. ఇలాగే సాగితే నీ నోట్లో పళ్ళకన్నా డాక్టర్లు ఎక్కువవుతారోయ్."

కూతురు పక్కున నవ్వింది. అత్తగారు నవ్వు బయటపడకుండా పెదవులు బిగించింది. ఆమె మాత్రం నవ్వలేదు.

పది నెలల కిందట ఆ పన్నుకి రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ పెట్టారు. కుర్చీలోంచి లేస్తుండగానే ఆమెకి తెలిసిపోయింది, ఎత్తుగా ఉందని. ఎంత ఎత్తంటే, పుస్తకంలో ఒక పేజీ మూల మడతపడితే మూసినప్పుడు అట్ట కాస్త లేచి ఉంటుందే, అంత. డాక్టరు నీలం కాగితం ముక్క ఒకటి పళ్ళ మధ్య పెట్టి కొరకమన్నాడు. కాగితం తీస్తే పన్ను మీద నీలి చుక్కలు పడ్డాయి. గట్టిగా పడ్డ చుక్క దగ్గర చిన్న యంత్రంతో అరగదీశాడు. "ఇప్పుడెలా ఉంది?" అంటే, "కొంచెం తగ్గింది," అంది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి కొరికి చూసుకుంటే ఏమీ తగ్గలేదు. మళ్ళీ వెళ్ళింది. అలా ఐదుసార్లు అరగదీయించుకుంది. నాలుగోసారికి ఎత్తు పోయి పల్లం వచ్చినట్టనిపించింది. ఐదోసారికి పక్కపన్ను ఎత్తయినట్టనిపించింది. రెండో డాక్టరు ఎక్స్-రే తీసి నిక్షేపంలా ఉందన్నాడు. దంత కళాశాల ఆసుపత్రిలో ఉండే మూడో డాక్టరు పెద్దావిడ. అరగంటసేపు ఓపిగ్గా చూసి, "మా కొలతలకి ఏమీ దొరకడం లేదమ్మా, కానీ మీరు బాధపడుతున్న మాట నిజం," అంది. ఆ మాటలో మొదటి సగమే ఇంటిదాకా వచ్చింది.

ఇంటికొచ్చాక అది ఇంకా చిక్కిపోయి ఒక్క ముక్కయి కూర్చుంది. భ్రమ. ఎవరూ దురుసుగా అనలేదు. "భ్రమపడుతున్నావేమోనోయ్," అని భర్త ప్రేమగానే అన్నాడు. అత్తగారు వీపు నిమురుతూ అంది. కూతురు బుగ్గ గిల్లి అంది. ఆ మాటని ఎంత మెత్తగా ఉడికించి పెట్టినా ఆమెకి గొంతు దిగలేదు.

ఆమె ఇరవయ్యారేళ్ళుగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతోంది. పేజీ మీద చూపు పడగానే ఎక్కడో ఏదో గరుకుగా తగులుతుంది. ఆ తర్వాత వెతికితే తప్పు దొరుకుతుంది, జారిపోయిన కొమ్మో, ఎగిరిపోయిన సున్నానో. ప్రెస్సులో అందరూ ఆమెని భూతద్దం అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. ఇన్నేళ్ళూ గరుకు తగిలిన చోటల్లా తప్పు ఉన్నప్పుడు, తన పంట్లో మాత్రం ఎందుకుండదు? భ్రమపడే మనిషికి ఎవరైనా ప్రూఫులిస్తారా? పన్ను తీయించి బల్ల మీద పెట్టి, "ఇదిగో, ఇక్కడుంది," అని చూపించాలి. అంతవరకూ ఊరుకునేది లేదు.

ఆ రాత్రి భోజనం ముగిసేలోపు భర్తే ఒక మెట్టు దిగాడు. దంత కళాశాల పెద్దావిడ కిందటి వారం ఫోను చేసింది. పళ్ళు సరిగ్గా ఆనడంలేదన్న ఇబ్బంది ఎన్నాళ్ళకీ వదలనివాళ్ళు నమిలేటప్పుడు మెదడు ఎలా పనిచేస్తుందో అక్కడ పరిశీలిస్తున్నారట, బుధవారం రాగలరా అని అడిగింది.

"ముందా పరీక్షకి వెళ్ళు. ఆ తర్వాత తీయించుకుంటానంటే నేనే తీసుకెళ్తాను," అన్నాడు.

"పన్ను నోట్లో ఉంటే తలకాయకి పరీక్షేమిటండీ?"

"నోరు ఎక్కడుంది మరి, మోకాల్లోనా?"

ఆమె ఒప్పుకుంది. ఆయన ఎందుకు వెళ్ళమన్నాడో ఆమెకి తెలుసు. తను ఎందుకు వెళ్తోందో ఆయనకి తెలియదు. మనుషులు మొహమాటానికి అబద్ధమాడతారు, యంత్రం ఆడదు. యంత్రం చెప్పింది రాయించుకుని తెస్తే ఇంట్లో ఇంకెవరూ ఆ రెండక్షరాల మాట ఎత్తరు.

బుధవారం ఆమె వెళ్ళిన గది చాలా చిన్నది. కిటికీకి నల్లటి తెర కట్టారు. మధ్యలో ఒక కుర్చీ, దాని ఎదురుగా కంప్యూటరు తెర. పరిశోధన చేసే డాక్టరమ్మ జుట్టుముడిలో పెన్సిలు గుచ్చుకుని, ఆ పెన్సిలు కోసమే సొరుగులన్నీ లాగి వెతుకుతోంది. ఆమె కాసేపు చూసి, "మీ తల్లోనే ఉందండీ," అంది.

డాక్టరమ్మ తడుముకుని, పెన్సిలు లాగి, నవ్వడం మొదలెట్టింది. "ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ 'బాధంతా నీ తల్లోనే ఉంది' అన్న మాట పడీ పడీ విసిగిపోయి వస్తారు. మీరు నాకే అనేశారు."

అక్కడికి ఆమె భుజాలు కాస్త వదులయ్యాయి.

తలకి రబ్బరు టోపీ ఒకటి బిగించారు. దానికి లోపలివైపు చిన్నచిన్న దీపాలు, వాటి నుంచి పాయలు పాయలుగా వైర్లు. "ఈ వెలుతురు నుదుటి ఎముకలోంచి కొంచెం లోపలికి పోయి తిరిగొస్తుంది," అంటూ వివరించింది డాక్టరమ్మ. "మెదడులో ఎక్కడ పని ఎక్కువైతే అక్కడికి రక్తం ఎక్కువ వెళ్తుంది. తిరిగొచ్చిన వెలుతురుని బట్టి అది మాకు తెలుస్తుంది. నొప్పేమీ ఉండదు. నుదుటి మీద గుండ్రటి అచ్చులు పడతాయి, గంటలో పోతాయి."

"అచ్చులు పడితే నాకు అలవాటేలెండి," అంది ఆమె.

రుచీ వాసనా లేని బంక ముద్ద ఒకటి నోట్లో పెట్టుకోమన్నారు. తెర మీద ఆకుపచ్చ రంగు వస్తే అరనిమిషం నమలాలి, బూడిదరంగు వస్తే అరనిమిషం ఊరుకోవాలి. అలా పదిసార్లు. బూడిదరంగు వచ్చినప్పుడు ఆమె దవడ కదపలేదు. కానీ ఈసారి ఆకుపచ్చ రాగానే కుడివైపు ఎలా తగులుతుందో చూద్దామని కాచుకుని కూర్చుంది.

తర్వాత రెండో పరీక్ష. వెంట్రుకకన్నా పల్చటి రేకు ఒకటి డాక్టరమ్మ చిన్న పట్టకారుతో పట్టుకుని పళ్ళ మధ్య పెడుతుంది. కొన్నిసార్లు పెట్టినట్టు చేసి ఊరికే పట్టకారు తీసేస్తుంది. ఆమె కొరికి, రేకు ఉందో లేదో చెప్పాలి. పన్నెండుసార్లు చెప్పింది. తడుముకోకుండా చెప్పింది.

అంతా అయ్యాక డాక్టరమ్మ తెరని ఆమె వైపు తిప్పింది. రెండు గీతలు.

"ఈ సన్నటి గీత ఏ ఇబ్బందీ లేనివాళ్ళది, అందరిదీ కలిపి వేశాం. నమలడం మొదలవగానే కొంచెం లేచింది చూడండి, తర్వాత పడుకుంది. ఆ పని దవడకి అప్పజెప్పేసి మెదడు తన గొడవలో తనుంది. ఈ లావు గీత మీది."

లావు గీత పడుకోలేదు. బూడిదరంగు వచ్చిన అరనిమిషంలో కూడా దిగిరాలేదు. ఆకుపచ్చ రాకముందే లేవడం మొదలెట్టింది, పిలవకముందే పరుగెత్తుకొచ్చే పనిమనిషిలా.

"అంటే ఏమిటండీ?"

"నేను చెప్పగలిగింది కొంచెమే. ఇప్పటికి పద్దెనిమిదిమందినే చూశాం, గీతని చూసి కారణం చెప్పే స్థితికి మేమింకా రాలేదు. మీ గీతలో మాత్రం ఇంతవరకు కనిపిస్తోంది. మిగతావాళ్ళు పట్టించుకోకుండా చేసే పనిని మీరు పట్టించుకుని చేస్తున్నారు. ముద్ద ముద్దకీ, ముద్దకీ ముద్దకీ మధ్య కూడా."

ఆమె కుర్చీలో ముందుకి జరిగింది. "భ్రమంటారా?"

"వట్టి భ్రమైతే నాకు ఇక్కడ ఇంత గీయడానికి ఏముంటుంది? మీకు ఎత్తు తెలుస్తోంది. తెలియడం నిజం."

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి."

"ఇస్తాను. రెండో పరీక్ష సంగతి కూడా రాసిస్తాను." డాక్టరమ్మ పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. "రేకు ఆరుసార్లు పెట్టాను. ఆరుసార్లూ ఉందన్నారు, ఒక్కటీ తప్పలేదు. పెట్టకుండా ఊరుకున్నది ఆరుసార్లు. అందులో ఐదుసార్లు కూడా ఉందనే అన్నారు."

ఆమె నుదుటి మీద అచ్చులు చేత్తో రుద్దుకుంది.

"శనివారం తీయించుకుంటున్నానని ఫారంలో రాశారు కదా. వద్దనడానికి నేనెవర్ని? కానీ తీసిన పన్ను తిరిగి పెట్టలేం. మా పెద్దావిడ దగ్గర పది వారాల సాధన ఒకటి ఉంది. పళ్ళని ముట్టుకోరు. పళ్ళు ఆనించి చూసుకోకుండా ఉండడం, తినేటప్పుడు ధ్యాస వేరేచోట పెట్టడం, ఇలాంటివి నేర్పుతారు. తగ్గుతుందని హామీ ఇవ్వలేను. ఆలోచించుకోండి."

ఇంటికొచ్చేసరికి ముగ్గురూ ముందు గదిలో ఉన్నారు. ఏమన్నారని ఎవరూ అడగలేదు, అడగకుండా చూస్తున్నారు. ఆమె చేతిసంచీలోంచి కాగితం తీసింది. రెండు పేరాలున్నాయి. కాగితాన్ని సరిగ్గా మధ్యకి మడిచి, పై పేరా మాత్రం గట్టిగా చదివింది.

"తెలియడం నిజమేనట. విన్నారా?"

"విన్నాం," అన్నాడు భర్త. "అయితే?"

"అయితే ఏముంది, శనివారమే."

కూతురు ఏదో అనబోయి వాళ్ళ నాన్న ముఖం చూసి మానేసింది. అత్తగారు, "పోనీలే, నిజమని తేలిందిగా," అంది. గెలిచిన మనిషికి ఉండాల్సిన ఉషారు ఆమెలో లేదు. మడిచిన కాగితం సంచీలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం ప్రెస్సులో పిల్లల నిఘంటువు ప్రూఫులు వచ్చాయి. ఆమె బల్ల కిటికీ పక్కన. ఎదుటి బల్ల దగ్గర కంప్యూటర్లో పేజీలు కట్టే అమ్మాయి కూర్చుంటుంది. ఇద్దరి మధ్య గోడకి ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. దాని మీద ప్రెస్సు పెద్దాయన స్వయంగా రాసింది: "రెండు చదువులు. మూడోది ఇంకొకరిది."

అది రాయించింది ఆమే. పన్నెండేళ్ళ కిందట ఇదే నిఘంటువు పాత కూర్పు పనిలో ఉండగా, ఒక పేజీ మీద ఆమెకి అనుమానమొచ్చింది. రెండుసార్లు చదివి, మూడోసారి చదివి, నాలుగోసారి చదివింది. నాలుగోసారికి "నిశ్శబ్దం" అన్న మాట కళ్ళకి వింతగా కనిపించడం మొదలెట్టింది. రెండు శకారాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు, ఒకటి ఎక్కువైనట్టు. ఎర్ర పెన్నుతో ఒకటి కొట్టేసింది. నిఘంటువులో తప్పు మాట అచ్చయి ఊరూరా బళ్ళకి వెళ్ళిపోయింది. పెద్దాయన తిట్టలేదు. "నీ కంటికి తప్పు దొరకనప్పుడు అది ఊరుకోదమ్మా, తయారుచేసుకుంటుంది," అని, ఆ అట్టముక్క రాసి మేకుకి తగిలించాడు. ఇన్నేళ్ళలో ఆమె ఆ కట్టుబాటు దాటలేదు.

మధ్యాహ్నం మూడింటికి పేజీలు కట్టే అమ్మాయి వచ్చి బల్ల పక్కన నిలబడింది. "భూతద్దం అక్కా, ఆ పేజీ ఇస్తారా?"

"ఒక్క నిమిషం."

"పొద్దున ఒకసారి చదివారు. భోజనానికి ముందు ఒకసారి చదివారు. ఇది మూడోది."

"కాదే, ఊరికే చూస్తున్నాను."

"చూస్తే ఎర్రగీత ఎందుకు పడింది? ఉచ్ఛ్వాసానికి ఏమొచ్చింది?"

ఆమె కిందికి చూసింది. నిజమే, "ఉచ్ఛ్వాసం" మీద అడ్డంగా ఎర్రగీత. "వత్తు ఒకటి ఎక్కువున్నట్టుంది," అంది. దవడలో టక్ టక్ మంది.

"పొద్దున రెండుసార్లూ మీరే ఒప్పన్నారుగా. నన్ను ఊపిరి పీల్చుకోనివ్వరా ఏమిటి ఇవాళ?"

ఆ అమ్మాయి నవ్వుతూ అంది. కానీ ఆమెకి నవ్వు రాలేదు. గోడ మీది అట్ట చూసింది. పేజీ చూసింది. పొరపాటున కొట్టేసిన మాటని తిరిగి నిలబెట్టడానికి ప్రూఫులు దిద్దేవాళ్ళు ఒక పని చేస్తారు. ఆ మాట కింద వరసగా చుక్కలు పెట్టి, పక్కన అంచులో "ఉంచాలి" అని రాస్తారు. కొట్టివేత తప్పు, ఉన్నదే ఒప్పు అని దాని అర్థం. ఆమె "ఉచ్ఛ్వాసం" కింద ఒక్కొక్కటిగా ఐదు చుక్కలు పెట్టింది.

పెట్టి వాటివంకే చూస్తూ ఉండిపోయింది. ఐదు. తన పన్నుని ఐదుసార్లు దిద్దించింది. లేని రేకుని ఐదుసార్లు ఉందంది.

"అక్కా, ఏమయింది?"

"ఏం లేదు. పేజీ తీసుకో. ఇకమీద నాకు మళ్ళీ ఇవ్వకు, అడిగినా ఇవ్వకు."

ఆ అమ్మాయి వెళ్ళాక సంచీలోంచి కాగితం తీసి మడత విప్పింది. రెండో పేరా చదివింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. రెండు చదువులయ్యాక ఆపేసింది. అందులో ఎక్కడా గరుకు తగల్లేదు.

పన్ను ఎత్తుగా లేదని ఆమెకి అప్పుడు కూడా అనిపించలేదు. అది అబద్ధం చెప్పుకోదలుచుకోలేదు. నాలిక పెట్టి చూస్తే అక్కడే ఉంది ఆ ఎత్తు, పొద్దున ఎంత ఉందో అంత. తీసేస్తే పక్కపన్ను మీదికి వస్తుంది. దాన్నీ తీస్తే ఆ పక్కదాని మీదికి. ఎందుకంటే చదువుతున్న కళ్ళు ఇవే కదా. నోట్లో ముప్ఫై రెండు మాటలుంటే ముప్ఫై రెండూ కొట్టేసేదాకా ఈ ఎర్ర పెన్ను ఆగదు.

బల్ల సొరుగులో అడుగున ఒక కవరు ఉంది. మొదటి డాక్టరు దగ్గర అడిగి తెచ్చుకున్న నీలం కాగితాలు, రోజుకొకటి కొరికి చూసుకునేందుకు. పక్కన చేతి అద్దం. కవరుని చెత్తబుట్టలో వేసింది. అద్దాన్ని ఎదుటి బల్ల మీద పెట్టింది.

"ఇది నాకా? ఎందుకక్కా?" అంది పేజీలు కట్టే అమ్మాయి.

"నీకు ముఖం చూసుకోడానికి. నేను నోరు చూసుకోడం మానేశాను."

వరండాలోకి వెళ్ళి నాలుగో డాక్టరు ఆసుపత్రికి ఫోను చేసింది. రేపటి పది గంటల పేరు తీసేయమంది. అవతల కూర్చున్న అమ్మాయి, "మళ్ళీ ఎప్పటికి పెట్టమంటారు మేడమ్?" అనడిగింది.

"ఎప్పటికీ వద్దమ్మా."

"కారణం ఏమని రాసుకోమంటారు?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "ఉంచుతున్నానని రాసుకో," అంది.

తర్వాత దంత కళాశాలకి చేసి, సాధనకి పేరు రాయించుకుంది. సోమవారం సాయంత్రాలు, ఐదున్నరకి.

ఇంటికి వెళ్ళే దారిలో కూరల కొట్టు ముందు ఆగింది. ఒక క్యారెట్టు తీసి విరిచి చూసింది. ఫటుక్కుమంది. "కొనకుండానే విరిచేస్తే ఎలాగండీ?" అన్నాడు కొట్టువాడు. "విరిచింది కూడా నాకే వెయ్యి," అంటూ తలకి నాలుగు చొప్పున ఏరుకుంది.

ఆవేళ వంటింట్లోకి కూతుర్ని రానివ్వలేదు. పొయ్యి మీద గిన్నె పెట్టి, నీళ్ళు తెర్లగానే ముక్కలు వేసి, గడియారం చూసి నాలుగు నిమిషాలకి దింపేసింది. చేతులు అలవాటు ప్రకారం ఇంకాసేపు ఉంచమని లాగాయి. వాటిని తువ్వాలుకి తుడుచుకుని బయటికొచ్చేసింది.

అందరూ కూర్చున్నారు. మొదటి ముక్క కొరికింది కూతురు. కరుక్కుమంది. భర్త చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన కూడా ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత కాసేపు గుర్రపుశాలలో ఉన్నట్టే ఉంది. అత్తగారు ఒక ముక్కని అటూ ఇటూ తిప్పి, ఎడమ పక్కన పెట్టుకుని, ధైర్యం చేసి కొరికింది. పళ్ళు నిలబడ్డాయి. "నన్ను మర్చిపోలేదు," అంది.

ఆమె కూడా కొరికింది. ఎత్తు తగిలింది. టక్ మనిపించి చూద్దామని దవడ లేచింది. లేచిన దవడని అలాగే ఆపి, అత్తగారి వంక చూస్తూ నమిలింది. ఆవిడ చెవి పక్క నరం ఒకటి ముక్క ముక్కకీ ఎగిరెగిరి పడుతోంది. దాన్ని చూస్తుండగానే ముద్ద లోపలికి పోయింది.

భర్త ఆమె ముఖం చూస్తున్నాడు. "ఎలా ఉంది?" అన్నాడు. పది నెలలుగా పూటకోసారి అడిగే మాటే.

ఆమె మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టింది. కాగితం తీసి, మడత లేకుండా బల్ల మీద పరిచి, గిన్నె అంచు దాని మీద ఆనించింది. "కింది పేరా మొన్న మీకు చదవలేదు. అన్నాలయ్యాక చదువుకోండి. రేకు లేనప్పుడు కూడా ఉందన్నానట."

ఎవరూ భ్రమ అన్న మాట ఎత్తలేదు. కూతురు నమలడం ఆపింది.

"అయినా నాకు ఎత్తుగానే ఉంది. ఉందనే చెబుతాను, లేదని ఎవరికోసమూ అనను," అంది ఆమె. గొంతు పెంచలేదు, దించలేదు. "కానీ రేపు వెళ్ళడం లేదు. ఫోను చేసి చెప్పేశాను. సోమవారాలు ప్రెస్సు నుంచి అటే వెళ్తాను, పది వారాలు. ఆ రోజుల్లో వంట ఎవరు చేస్తారో మీరే చూసుకోండి. తగ్గితే తగ్గుతుంది. తగ్గకపోతే ఇలాగే తింటాను. ఒక్కటి మాత్రం మీరందరూ చెయ్యాలి. ఎలా ఉందని నన్ను అడగొద్దు. నేనూ చెప్పను."

"అసలు అడగొద్దా?" అన్నాడు భర్త.

"అసలే."

ఆయన తల ఊపాడు. నోరు తెరిచాడు, మూసుకున్నాడు. గిన్నె వైపు చెయ్యి చాస్తూ, "మరి ఉప్పు సంగతి అడగొచ్చా?" అన్నాడు.

"ఉప్పు సంగతి అడగొచ్చు."

"సరిపోయిందా?"

"సరిపోయింది," అంది ఆమె. గిన్నె కూతురి వైపు జరిపింది. "ఆ పన్ను ఉంటుంది. ఇంకో ముక్క వేసుకో."